సాజిదా పేరున పవరు

పుంగనూరు బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మీద కుట్టు శిక్షణ కేంద్రం నడిపేది రాజేశ్వరమ్మ. 2002 వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె తెల్ల లంగా గుడ్డకు మడత కుడుతోంది. ఎదురుగా కూర్చుని కాజాలు కుడుతున్న సాజిదా ఉన్నట్టుండి కేక పెట్టింది.

"టీచరమ్మా, వేలు! వేలు సూసుకోండి!"

రాజేశ్వరమ్మ చూసుకుంది. మిషను సూది చూపుడువేలిలో దిగింది. గుడ్డంతా రక్తం. నొప్పి మాత్రం లేదు. సాజిదా పరుగున వచ్చి చక్రం వెనక్కి తిప్పి వేలు బయటికి తీసింది. అప్పుడు కూడా ఆ వేలు ఇంకెవరిదో అయినట్టు ఊరికే చూస్తూ ఉండిపోయింది రాజేశ్వరమ్మ. ఆమెకు భయం వేసింది ఆ తర్వాతే. కొన్నాళ్లుగా కత్తెర జారిపోతూ ఉంది, మెట్లెక్కుతుంటే ఎడమకాలు ఈడుస్తూ ఉంది. వయసు యాభై దగ్గర పడింది కదా అనుకుని ఊరుకుంది ఇన్నాళ్లూ.

రాజేశ్వరమ్మ పుట్టింది కుప్పం దగ్గర పల్లెలో. మెట్టినిల్లు మదనపల్లె. భర్త దేవరాజులు టైలరు. ఆడవాళ్లు అంగట్లో మిషను ముందు కూర్చోవడం ఆ బజారులో ఎవరూ ఎరగని రోజుల్లోనే ఆయన భార్య చేతికి కత్తెర ఇచ్చి, పాత పేపర్ల మీద కటింగు నేర్పాడు. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఆయన ఏనాడూ నోటితో అనలేదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి, మాటా కుడిచెయ్యీ రెండూ పోయాయి. మతి మాత్రం బాగానే ఉంది. కళ్లతోనే అన్నీ చెప్పేవాడు.

అంగడి బాడుగ కాగితం గడువు సరిగ్గా అప్పుడే తీరింది. కొత్త కాగితం రాయమని రాజేశ్వరమ్మ పోయి అడిగితే అంగడి సొంతదారు తల అడ్డంగా ఆడించాడు. "బాడుగకుండేది ఆయప్ప. నీ పేరున రాద్దామంటే ఆయప్ప ఒప్పుకోవాల. మాట రాని మనిషితో వేలిముద్ర వేయించుకుంటే రేపు ఎవురన్నా కాదంటే నేను యాడికి పోయేది?" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. దేవరాజులు మంచంలో కళ్లు తెరుచుకుని ఉండగానే, పాతికేళ్లు కూర్చున్న అంగడి ఇంకొకరి చేతికి పోయింది. మరుసటి ఏడు ఆయనా పోయాడు.

మదనపల్లెలోని చిన్న ఇంటిని బాడుగకిచ్చి, రెండు మిషన్లు లారీలో వేసుకుని ఆమె పుంగనూరు వచ్చేసింది. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చోటు ఆ ఊళ్లో అప్పట్లో లేదు. మొదట నలుగురైదుగురు వచ్చారు. తర్వాత చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో రావడం మొదలుపెట్టారు. సర్కారు వాళ్ల టైలరింగ్ పరీక్షకు కూర్చోబెడితే పాసై, ఊళ్లలో సొంతంగా మిషను పెట్టుకునేవాళ్లు. పెళ్లిళ్లయ్యాక కూడా సంకలో బిడ్డనేసుకుని వచ్చి పలకరించి పోయేవాళ్లు. పిల్లలు లేరన్న దిగులు ఆమెను వదిలేసింది ఆ మేడ మీదే.

సాజిదా తొలి బ్యాచీ పిల్ల. భర్త తౌఫీక్ కువైట్‌లో డ్రైవరు. అత్త గుల్జార్ బీ "ఇంట్లో కూసోని ఏం చేస్తావు, పోయి నేర్చుకో" అని తానే తీసుకొచ్చి చేర్పించింది. నేర్చుకున్నాక సాజిదా అక్కడే పిల్లలకు చెప్పసాగింది. ఆమెకు ఒక గుణం ఉంది. కాదనాల్సిన చోట కాదంటుంది. ఒకసారి ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి వచ్చి, తన మేనకోడలికి క్లాసులకు రాకుండానే సర్టిఫికెట్టుకు సంతకం కావాలన్నాడు. రాజేశ్వరమ్మ ఎలా చెప్పాలా అని నీళ్లు నములుతుంటే, సాజిదా గుడ్డ మడత పెడుతూనే "ఆ పాపను రేపట్నుంచి పంపించండన్నా, మూణ్నెల్లల్లో నేనే తయారు చేస్తా. రాకుండా అయితే కాదు" అనేసింది. ఆయన మొహం మాడ్చుకుని మెట్లు దిగిపోయాడు. విచిత్రమేమంటే ఆ పాప నిజంగానే వచ్చి నేర్చుకుంది.

వేలిలో సూది దిగిన వారానికి మదనపల్లె డాక్టరు వేలూరు ఆసుపత్రికి పొమ్మన్నాడు. కుప్పంలో ఉన్న తమ్ముడు దేవేంద్ర తోడు వచ్చాడు. స్కానింగులో మెడ వెన్నుపూసల మధ్య గడ్డ కనబడింది. క్యాన్సరు కాదు. కానీ నరాన్ని నొక్కేస్తూ ఉంది. కుప్పం మనిషి కాబట్టి ఆమెకు అరవం బాగా వచ్చు. డాక్టరు చెప్పింది ఒక్క ముక్క పోకుండా అర్థమైంది. ఆపరేషను చేయకపోతే కాళ్లూ చేతులూ పడిపోవడం ఖాయం. చేసినా కొన్నాళ్లు పడిపోవచ్చు, తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చు. "నీ తెలివికి ఏమీ కాదమ్మా. అంతవరకు మాట ఇస్తాను" అన్నాడాయన. ఇంటి సంగతులు చక్కబెట్టుకుని రమ్మని కొంచెం గడువిచ్చాడు.

పలమనేరు మీదుగా తిరిగొచ్చే బస్సులో ఆమెకు కళ్ల ముందు మంచంలో దేవరాజులు కనబడుతూనే ఉన్నాడు. మేడ బాడుగ కాగితం తన పేరున ఉంది. పరీక్ష దరఖాస్తుల మీద సంతకం తనది. బ్యాంకు ఖాతా తనది. మదనపల్లె ఇల్లు తనది. ఈ చేతులు పడిపోతే అన్నీ అక్కడికక్కడే నిలిచిపోతాయి. పరీక్షకు తయారవుతున్న పిల్లలు ఏమైపోవాలి?

మరునాడు ఈ మాటే సాజిదాతో అంది. సాజిదా వెంటనే, "దానికేముండాది టీచరమ్మా, పవరు రాసిచ్చేయండి, మీ బదులు ఇంకొకరు సంతకం పెట్టేదానికి కాగితం. మా వీధిలో కువైట్ పోయేటోళ్లు అందురూ రాసే పోతారు. మా ఆయన మా అత్త పేరున రాసిచ్చి పోయినాడు. ఇంటి పన్ను నుంచి కరెంటు మీటరు దాకా ఆమే సూసుకుంటాది" అంది.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన పాపయ్య అనే పెద్దాయన దస్తావేజులు రాస్తాడు. ఇద్దరూ ఆయన దగ్గరికి పోయారు. పాపయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని అంతా విన్నాడు. రాయడానికి తొందరపడలేదు.

"సూడమ్మా, ముందు ఇది అర్థం చేసుకో. నీకు చేతులు, కాళ్లు పడిపోయినా మతి సరిగ్గా ఉన్నంతవరకే ఈ పవరు. మతి తప్పితే అది సెల్లదు. మనిషి పోయినా సెల్లదు. పోయినాక ఎవురికేమి అనేదానికి వీలునామా వేరే. మతి తప్పితే కోర్టుకు పోవాల్సిందే. ఇంకోటి, ఇచ్చినంత మాత్రాన నీ హక్కు పోదు. నచ్చకపోతే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు."

"మతికేమీ కాదని డాక్టరు చెప్పినాడన్నా."

"అట్లయితే మంచిది. బ్యాంకోళ్లకు మాత్రం ఈ కాగితం ఒక్కటే చాలదు, వాళ్ల ఫారం వాళ్లకుంటాది. నువ్వే పోయి మేనేజరు ఎదురుగ్గా సంతకం పెట్టి రా. ఇంతకీ ఎవురి పేరున రాయాల? తమ్ముడి పేరునా?"

రాజేశ్వరమ్మ ఆలోచించుకుని వస్తానని లేచింది.

దేవేంద్ర అంటే ఆమెకు ప్రాణం. కానీ వాడికి కాదనడం తెలియదు. ఎవరడిగినా హామీ సంతకం పెట్టేవాడు. అలా పెట్టి పెట్టి నాయన చేను పోగొట్టాడు. ఆ పోగొట్టిన దిగులుతో చిక్కి సగమయ్యాడు తప్ప, సంతకం పెట్టించుకున్నవాళ్ల మీద ఒక్క మాట తూలలేదు. పవరు వాడి చేతికిస్తే కుప్పంలో ప్రతి ఒక్కరూ వచ్చి వాడి ముందు కూర్చుంటారు. అది వాడికీ బరువే.

ఈ మాట ఫోనులో చెప్పేది కాదని ఆమె కాలు ఈడ్చుకుంటూనే కుప్పం బస్సెక్కింది. దేవేంద్ర భార్య కృష్ణవేణి సంగటి పెట్టింది. తినడం అయ్యాక వాకిట్లో కూర్చుని చెప్పేసింది.

"రేయ్, పవరు సాజిదా పేరున రాద్దామనుకుంటాండా. నువ్వు మంచోడివి కాదని కాదురా. నువ్వు ఎవురినీ కాదనలేవు."

దేవేంద్ర తల దించుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది. తలెత్తితే మొహం తేలికపడి ఉంది.

"నా పేరున రాస్తావేమోనని నాకు నిద్ర పట్టలేదక్కా. వద్దని ఎట్ల చెప్పేదని. ఆ బిడ్డ పేరునే రాయి. సాక్షి సంతకం నేను పెడతా. ఊళ్లో ఎవురన్నా ఏమన్నా అంటే, తమ్ముడే సంతకం పెట్టినాడని చెప్పు."

కృష్ణవేణి లోపలినుంచి, "ఆపరేషన్ అయినాక మా ఇంటికే రావాల వదినా. ఆ మాట కూడా కాగితంలో రాయించు" అంది. ముగ్గురూ నవ్వేశారు. నవ్వుతూనే రాజేశ్వరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఒప్పుకోనిది సాజిదానే. "నాకొద్దు టీచరమ్మా. సొంతోళ్లు ఉండంగా దానికి యాల ఇచ్చిందని ఊరంతా అంటాది" అని మొండికేసింది. గుల్జార్ బీ తమలపాకు నములుతూ వింటూ ఉంది. "ఊరు ఏమన్నా అంటాది బేటీ. ఆమె చెయ్యి పడిపోతే నీ చెయ్యి అడగతాండాది. ఇస్తావా, ఇయ్యవా? అంతే కదా మాట" అంది. సాజిదా ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. మదనపల్లె ఇల్లు అమ్మే అధికారం కాగితంలో ఉండకూడదు. బాడుగ వసూలు, మరమ్మతు, పన్ను వరకే.

పాపయ్య ఆ మాట రాసుకుంటూ, "అమ్మే హక్కు రాయమని నన్ను పీక్కు తినేవాళ్లను సూసినా. వద్దనే మనిషిని ఇప్పుడే సూస్తాండా" అన్నాడు.

రిజిస్ట్రేషను రోజున సబ్‌రిజిస్ట్రార్ అలవాటు ప్రకారం అడిగాడు. "ఇష్టపూర్తిగానే రాస్తాండావా అమ్మా?"

"సంతోషంగా రాస్తాండాను సార్" అంది రాజేశ్వరమ్మ. ఆయన తలెత్తి చూశాడు. ఆ బల్ల ముందు ఆ మాట ఎవరూ అనరు కాబోలు. ఆమె సంతకం వంకర్లు పోయింది. దేవేంద్ర, మేడ కింద మందుల అంగడాయన సాక్షులుగా సంతకాలు పెట్టారు.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డంతా తీసేశారు. కానీ కళ్లు తెరిచాక రాజేశ్వరమ్మకు మెడ కింద ఏదీ కదల్లేదు. డాక్టర్లు ఓపిక పట్టమన్నారు. దేవేంద్ర అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేవాడు. చిన్నప్పుడు వాడికి తాను అలాగే పెట్టేది. వాడు ముద్ద చేస్తున్నప్పుడు వేళ్ల సందున మెతుకులు జారిపోతుంటే, "ఇంత పెద్దయినా ముద్ద చేసేది రాలేదు" అని కసిరేది. వాడు నవ్వేవాడు.

కుప్పం చేరాక కృష్ణవేణి నీళ్లు పోసి, తల దువ్వి, చీర మార్చేది. ఒక్క రోజన్నా మొహం చిట్లించలేదు. ఫిజియోథెరపీ చేసేవాడు వచ్చి కాళ్లూ చేతులూ మడిచి చాపి పోయేవాడు. నెలలు గడిచాయి. కాళ్లలో కొంచెం కదలిక వచ్చింది. చేతుల్లో రాలేదు.

సాజిదా వీలు చేసుకుని బస్సులో వచ్చేది. వచ్చినప్పుడల్లా మంచం పక్కన కూర్చుని ప్రతి సంగతీ చెప్పేది. మేడ బాడుగ కాగితం తిరగరాసిన సంగతి, మదనపల్లె ఇంట్లో వాన నీళ్లు కారుతుంటే మిద్దెకు సున్నం చేయించిన సంగతి, బైరెడ్డిపల్లె నుంచి వచ్చే పిల్ల పెళ్లి కుదిరి మానేస్తానంటే పరీక్ష అయ్యాకే పొమ్మని వాళ్ల నాయనకు నచ్చచెప్పిన సంగతి. "ఇవన్నీ నాకు యాల చెప్తావు? నీకు రాసిచ్చేసినా కదా" అనేది రాజేశ్వరమ్మ. "మీ పని నేను చేస్తాండా. మీకు చెప్పక ఎవురికి చెప్పేది?" అనేది సాజిదా.

ఒకరోజు రాజేశ్వరమ్మ మనసు పూర్తిగా విరిగిపోయింది. ఆ పొద్దున ఒక ఈగ వచ్చి మొహం మీద వాలింది. తోలుకోలేకపోయింది. ఎవరినైనా పిలుద్దామంటే సిగ్గేసింది. సాజిదా వచ్చేసరికి ఆమె గోడవైపు చూస్తూ ఉంది.

"సాజిదా, సెంటరు మూసేయి. మిషన్లు మన దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఇచ్చేయి. మేడ ఖాళీ చేసెయ్. నీకు పవరు ఉండాది కదా."

"ఉండాది."

"అయితే చేసెయ్."

సాజిదా బురఖా సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగానే చెప్పింది.

"చెయ్యను టీచరమ్మా. మీరు రాసిచ్చింది సెంటరు నడిపేదానికి. మూసేదానికి అడిగుంటే ఆ పొద్దే వద్దని చెప్పుండేదాన్ని. మీకంతగా మూయాలని ఉంటే పాపయ్యన్నను ఈడికే పిలిపిస్తా. నా పవరు రద్దు చేసి, మీ చేత్తో మీరే మూసుకోండి. నేను అడ్డం రాను. నా చేత్తో మాత్రం ఆ తలుపుకు బీగం వెయ్యను."

"నా చెయ్యి యాడుండాది? నువ్వు కూడా ఎగతాళి చేస్తాండావా?" అని రాజేశ్వరమ్మ అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. కృష్ణవేణి వంటింట్లోంచి పరుగున వచ్చింది. సాజిదా కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట మార్చలేదు. చెప్పులేసుకుని బస్సుకు పోయింది.

రాజేశ్వరమ్మ మూడోనాడు ఫిజియోథెరపీ అతను వచ్చినప్పుడు, "ఇంకొంచెం సేపు ఉండప్పా" అంది. అతను పోయాక కృష్ణవేణిని పిలిచి అరచేతిలో గుడ్డ ఉండ పెట్టించుకుంది. పిండాలని చూసేది. వేళ్లు కదిలేవి కావు. అయినా చూసేది. మొదట కోపంతో చూసింది. సాజిదాను పిలిపించి ఆ పవరు రద్దు చేసి చూపించాలన్న కోపం అది. కోపం ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకు తెలియదు. కుడిచేతి బొటనవేలు కదిలిననాడు మాత్రం దేవేంద్రను పిలిచి, "సాజిదాకు ఫోన్ చెయ్" అంది. వాడు రిసీవరు చెవి దగ్గర పట్టుకుంటే, "కదిలిందే!" అని ఒక్క మాట చెప్పింది. అటువైపు సాజిదా అల్లాకు షుక్రియా చెప్పుకుంటూ ఏడవడం వినబడింది. క్లాసులో పిల్లలంతా ఏమైందని అడగడం కూడా.

2004 చివర్లో రాజేశ్వరమ్మ పుంగనూరు తిరిగొచ్చింది. ఎడమచెయ్యి పూర్తిగా రాలేదు. మిషను తొక్కే ఓపిక కాళ్లకు లేదు. కుర్చీలో కూర్చుని నోటితో చెబితే పిల్లలు కత్తిరించేవాళ్లు. ఆమె పడుకుని ఉన్న కాలంలో రెండు బ్యాచీలు పరీక్షకు పోయాయి. సాజిదా మిషన్లన్నిటికీ నూనె వేయించి, బెల్టులు మార్పించి, గోడకు కొత్త సున్నం కొట్టించింది. పేరు పలక మీద మాత్రం ఏమీ మార్చలేదు.

ఆమె చేతులు పట్టుకుని రాజేశ్వరమ్మ, "ఆ పొద్దు నువ్వు నా మాట వినుంటే నేను ఆ మంచంలోనే ఉండిపోయేదాన్ని" అంది.

"ఆ పొద్దు బస్సులో కుప్పం నుంచి పుంగనూరు దాకా నేను ఏడస్తానే వచ్చినా టీచరమ్మా. తప్పు చేసినానేమోనని. మా అత్త మాత్రం ఒక్క మాట అనకుండా అన్నం పెట్టింది" అని సాజిదా నవ్వింది.

ఇద్దరూ మళ్లీ పాపయ్య దగ్గరికి పోయారు. సంతకం పెట్టే చెయ్యి తిరిగొచ్చింది కదా, పవరు రద్దు రాద్దామా అని ఆయన అడిగాడు.

"దాన్ని అట్లే ఉండనీన్నా. ఇప్పుడు వేరే కాగితం కావాల. సెంటరులో సగం సాజిదాది అని."

"టీచరమ్మా!" అని సాజిదా ఏదో అనబోయింది.

"ఈసారి నువ్వు కాదంటే నేను వినను" అంది రాజేశ్వరమ్మ. పాపయ్య మెడ వంచి రాసుకోసాగాడు, ఆయన పెదవుల మీద నవ్వు దాగలేదు.

ఆ తర్వాత కుప్పం నుంచి కృష్ణవేణి చెల్లెలి కూతురు వచ్చి కుట్టుపని నేర్చుకుని పోయింది. తౌఫీక్ కువైట్ నుంచి వచ్చేసి బస్టాండులో ఆటో పెట్టాడు. రోజూ పొద్దున రాజేశ్వరమ్మను అందులో సెంటరు దగ్గర దింపుతాడు. ఊళ్లో ఎవరి ఇంట్లో ఆపరేషనన్నా, ఎవరు పెద్దవాళ్లయిపోతున్నారన్నా ఆమె ఊరుకోదు. "ముందే పోయి పాపయ్యన్నతో మాట్లాడండి, మతి బాగున్నప్పుడే" అని వెంటపడుతుంది. కొందరు అపశకునం మాటలని విసుక్కుంటారు. కొందరు పోతారు.

2007లో ఒక వానపొద్దు ఆటో మేడ ముందు ఆగింది. మెట్లు తడిగా ఉన్నాయి. సాజిదా పైనుంచి వంగి చూసి, "ఆగండి, నేను దిగి వస్తాండా. ఒక్కరే ఎక్కద్దని ఎన్నిసార్లు చెప్పాల మీకు?" అని గదమాయించింది. రాజేశ్వరమ్మ కింద మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడి, ఆమె దిగి వచ్చేదాకా ఆగింది.